సాగనంపే చోటు

విమానం వాళ్ల ఆఫీసు హైదరాబాదు బజారు నడుమ, బట్టల దుకాణాల పక్కనే ఉంది. రాజక్క మందమర్రి నుంచి కూతురు సరోజనను తీసుకుని వచ్చింది. తొమ్మిదేళ్ల ఆ పిల్లకు గుండెలో చిల్లు పడింది. మద్రాసులో కోత కోస్తే గాని బతకదని, అంతదూరం రైలు ప్రయాణానికి ప్రాణం నిలవదని డాక్టరు తేల్చేశాడు. మిషను ఆసుపత్రి వాళ్లు విమానం టికెట్లు రెండు ఇప్పించారు. ఒకటి పిల్లకు, ఇంకొకటి తోడుగా వెళ్లే నర్సు ఆనందమ్మకు. తల్లికి లేదు. ఆ సంగతి సరోజనకు ఇంకా చెప్పలేదు. చెబితే గడప దాటేది కాదు.

విమానం ఎక్కించే ముందు చెబుదామని రాజక్క దాచుకుంది. మంచిర్యాల స్టేషన్లో అందరూ చేసేదదే. సాగనంపే వాళ్లు కూడా రైలెక్కి పక్కన కూర్చుంటారు. ఏడ్చేది ఏడ్చి, చెప్పేది చెప్పి, గార్డు ఈల వేశాక దిగుతారు. విమానం దగ్గరా అలాంటి చోటు ఉంటుందని, ఇక్కడ టికెట్లు మాత్రమే చూస్తారని ఆమె అనుకుంది.

గుమాస్తా ట్రంకు పెట్టెను కాంటా మీద పెట్టించాడు. తర్వాత సరోజననూ ఎక్కమన్నాడు. ముల్లు కాస్త కదిలి ఆగింది. పిల్లకు నవ్వొచ్చింది.

“మా అవ్వను తూయరా?” అని తల్లిని చూపిస్తూ అడిగింది.

గుమాస్తా తలెత్తకుండా బరువు రాసుకున్నాడు. ఆనందమ్మ రాజక్క వంక చూసింది, ఇప్పుడైనా చెప్పమన్నట్టు. రాజక్క పిల్ల జడ సవరిస్తూ ఉండిపోయింది.

ఇంతలో విమానం దగ్గరికి తీసుకుపోయే బస్సు బయట ఆగింది. పేర్లు పిలిచారు. ఆనందమ్మ ముందు సీట్లో కూర్చుంది. ఆ వెనక సీట్లో సరోజన, పక్కన రాజక్క. టికెట్లు చూస్తూ వచ్చిన మనిషి ఆమె దగ్గర ఆగాడు. విమానం కాడ దిగిపోతానని ఆమె మెల్లగా చెప్పింది. ఆయన కసురుకోలేదు. బస్సు టికెట్టున్న వాళ్లకేనని, సాగనంపేది ఇక్కడేనని, బండి చేసుకుని వెనకాల వచ్చినా లోపలికి పోనివ్వరని ఆమె వైపు వంగి నెమ్మదిగా చెప్పాడు. పిల్ల కిటికీలోంచి బట్టల దుకాణాలు చూస్తోంది. డ్రైవరు ఇంజను ఆపనే లేదు.

రాజక్క లేచింది. పిల్ల కొంగు పట్టుకుంది.

“ఏడికే అవ్వా?”

దారి పొడుగునా కూర్చుకున్న మాటల్లో ఒక్కటీ నిలబడి చెప్పగలిగేది కాదు.

“ఎనక బండ్ల వస్త బిడ్డా. నువ్వు నర్సమ్మతోటి నడువు.”

సరోజన కొంగు వదిలేసింది. ఏడవలేదు. మెడకు చుట్టుకున్న తువ్వాల తీసి, తల్లి లేచిన చోట పరిచింది.

“జల్ది రా. విమానంల గూడ నీకు జాగ ఆపుత.”

రాజక్క దిగింది. బస్సు కదిలింది. ఆ సీట్లో కూర్చోబోయిన పెద్దమనిషి, పిల్ల ఏదో చెప్పగానే నిలబడిపోయాడు. ఆనందమ్మ మొహం అవతలి కిటికీ వైపు తిప్పుకుంది.