అమ్మవారికి సెలవు

పొద్దున్నే చిన్నకోడలు అంట్లు తోముతుంటే, అమ్మవారు పక్కనే పీట వాల్చుకుని ఉల్లిపాయలు తరుగుతోంది. జాతర వారమంతా ఆవిడ ఏదో ఒక వంటింట్లోనే ఉంటుంది. గుళ్ళో కూర్చుంటే ముఖాన పసుపునీళ్ళు గుమ్మరించి, ముక్కులోకి పొగ పట్టి చంపుకుతింటారు మరి.

"ఏమే, ఆ పంపుల మెకానిక్‌ని చేసుకుంటావా లేదా?" అంది అమ్మవారు.

"మా బావగారు చేసుకోనివ్వాలిగా. నేను వెళ్తే ఈ అంట్లెవరు తోముతారు?"

ఆ బావగారు తమ్ముడు పోయిన మర్నాటి నుంచీ మరదలిచేత ఏడిళ్ళ చాకిరీ చేయించుకుంటూ, "నా కూతురుతో సమానం" అని వీధిలో చెప్పుకునే రకం. మంచినీళ్ళు చేతికందకపోతే దాహంతో పోతాడేగాని లేవడు. పొద్దున ఆయన పొట్ట గుమ్మం దాటితే, వెనక ఆయన దాటేసరికి మధ్యాహ్నం.

పూనకంలో పలికిన మాటకి ఊరంతా కట్టుబడాల్సిందే. అది తెలిసే, సాయంత్రం డప్పు మోగీ మోగగానే ఊగిపోయాడు మహానుభావుడు. అమ్మవారు గుంపులోనే, చిన్నకోడలి భుజమ్మీద చెయ్యేసి చూస్తోంది. జనం ఆవిణ్ణి కాస్త జరగమని, వెళ్ళి ఆయన కాళ్ళమీద పడ్డారు. గొర్రెలకి గొంతు పెద్దదైతే చాలు.

"ఎవరమ్మా నువ్వు?" ఆనవాయితీగా అడిగాడు పూజారి.

"అమ్మవార్నిరా. ఈ చిన్నకోడలు నా సెలవు లేకుండా గడప దాటితే ఊరు వల్లకాడే."

చిన్నకోడలి ముఖం పాలిపోయింది. మెకానిక్ నేల చూపులు చూశాడు.

"ఎవరివన్నావు నాయనా?" అంది అమ్మవారు.

"చెవుడా నీకు? అమ్మవార్ని నేనే."

"మంచిదే, అయితే ఉండు."

ఆవిడ కొంగుచాటున దాచుకున్న తన కిరీటం తీసి ఆయన నెత్తిన పెట్టి, కుచ్చిళ్ళు దులుపుకుని బస్సెక్కేసింది. వెయ్యేళ్ళకి దొరికిన సెలవాయె, వెనక్కి కూడా చూడలేదు.

ఆయన్ని ఎత్తుకెళ్ళి గద్దెమీద కూర్చోబెట్టారు. కిరీటం నెత్తికెక్కాక విగ్రహమేగా, ఇక వచ్చే జాతర దాకా కదలిక లేదు, మాట లేదు. పసుపునీళ్ళు మాత్రం బిందెలకి బిందెలు.

మర్నాడే చిన్నకోడలు మెకానిక్‌ని వెంటబెట్టుకుని గుడికొచ్చి, ఆయన ఎదుట చేతులు జోడించింది. "తల్లీ, గడప దాటనా?"

ఆయన గుడ్లురిమాడు. ఉరిమితే ఏం లాభం, గద్దెమీది దేవత కుడిచెయ్యి దీవిస్తూ ఎత్తే ఉంటుందాయె.

"సరేనంది," అని పూజారి తాళిబొట్టు అందించాడు.