పదిహేడో నంబరు

"ముప్ఫై రెండు!" చివరి పిల్ల అరిచింది. లెక్క సరిపోయింది. పాత రాజభవనం ముందు ఆగి ఉన్న బస్సును డ్రైవర్ స్టార్ట్ చేశాడు.

ఆ బడిలో అదే పద్ధతి. ఎక్కడికి తీసుకెళ్లినా పిల్లలకు తలో నంబరు ఇస్తారు. బస్సు కదిలే ముందు ఎవరి నంబరు వాళ్లు వరసగా చెప్పాలి. తలలు లెక్కపెట్టే పనే లేదు. బొమ్మలు గీయడం నేర్పడానికి నెల రోజుల కోసం వచ్చిన కొత్త టీచరుకు ఉదయం ఆ పద్ధతి భలే ముచ్చటేసింది. ఇప్పుడు మాత్రం మనసులో ఏదో ముల్లులా గుచ్చుకుంది.

"అక్కా, పదిహేడు ఎవరు చెప్పారు?" అని ముందు సీట్లో చెమట తుడుచుకుంటున్న క్లాస్ టీచర్‌ని అడిగింది.

"ఎవరేంటి, మన పిచ్చుక! గంట కొట్టినట్టు చెప్పింది కదా. నెల తిరక్కుండానే దాని నోరు తెరిపించావు తల్లీ, నీ దగ్గరేదో మంత్రముంది."

కొత్త టీచరు చటుక్కున వెనక్కి తిరిగింది. అందరూ పిచ్చుక అని పిలిచే ఆ పిల్లకు గొంతే పెగలదు. ఉదయం ఆ నంబరు వినడానికి వంగి, దాని నోటి దగ్గర చెవి పెట్టాల్సి వచ్చింది.

ఆమె లేచి వెనక్కి నడిచింది. పిచ్చుక సీట్లో నీళ్ల సీసా ఉంది. పిచ్చుక లేదు.

"పదిహేడు ఎక్కడ?"

"ఇక్కడే!" అంది ఓ ఆడపిల్ల గొంతు, ఖాళీగా ఉన్న చివరి వరసలోంచి. పిల్లలు నవ్వబోయి, వెనక్కి తిరిగి చూసి, నోళ్లు మూసుకున్నారు.

"బస్సు కదిలించావో ఊరుకోను!" అని డ్రైవర్‌కి చెప్పి ఆమె కిందికి దూకింది.

రాజభవనం గేటు దగ్గర ముసలి కాపలాదారు గొలుసు లాగుతున్నాడు. "టైమైపోయిందమ్మా. లోపల మరమ్మతులు. మళ్లీ తెరిచేది నాలుగో రోజే."

"లోపల మా పిల్ల ఉండిపోయింది తాతా!"

ఆయన మొహం పాలిపోయింది. ఏ పిల్ల అని అడగలేదు. "రాణివాసంలో చివరి గది. పరిగెత్తు!"

దర్బారు హాలు, అద్దాల వసారా, ఇరుకు మెట్లు. ఇందాక పిల్లల గోలతో మారుమోగిన చోట ఇప్పుడు ఆమె చెప్పుల చప్పుడు ఒక్కటే వినిపిస్తోంది. చివరి గదిలో, రాతి జాలీ కిటికీకి రెండు చేతులూ ఆనించి పిచ్చుక నిలబడి ఉంది. చెయ్యి పట్టుకుంటే మంచుగడ్డలా ఉంది.

"ఇక్కడేం చేస్తున్నావే నా తల్లీ?"

"ఆ అక్క ఎప్పుడూ బయటికెళ్లలేదంట టీచర్." మాట వినీ వినబడనట్టు వచ్చింది. "నా చోట నిలబడు, నీ నంబరు నేను చెప్తాలే అంది. నాకు గట్టిగా చెప్పడం రాదు కదా. సరే అన్నా."

కొత్త టీచరు దాన్ని చంకనేసుకుని ఒకటే పరుగు.

బస్సులో పిల్లలంతా ముందు సీట్లలో ఒకరి మీద ఒకరు పడి కూర్చున్నారు. క్లాస్ టీచర్ లేచి నిలబడింది. "మళ్లీ చెప్పండి. ఒకటి నుంచి."

పదిహేను. పదహారు. చివరి వరసలో ఎవరో ఊపిరి పీల్చుకున్నారు.

"నీది నువ్వే చెప్పాలి పిచ్చుకా. తను చెప్పేస్తే నీ చోటు తనదైపోతుంది," అంది కొత్త టీచరు.

"ఆ అక్క ఏడుస్తుందేమో టీచర్."

"ఏడుస్తుంది. అయినా చెప్పు."

"పదిహేడు!"

పిచ్చుక కేకకు డ్రైవర్ ఉలిక్కిపడ్డాడు. తర్వాత చివరి సీటు కిర్రుమంది. చల్లటి గాలి ఒకటి పిల్లల మోకాళ్లను రాసుకుంటూ, అడుగు పడనట్టు, మెల్లగా తలుపు దాకా సాగి మెట్లు దిగింది.

కొత్త టీచరు కిటికీలోంచి చూసింది. గేటు మూయబోతున్న కాపలాదారు ఆగాడు. పక్కకు జరిగి దారిచ్చాడు. "రా తల్లీ," అన్నట్టు ఆయన పెదవులు కదిలాయి. ఆ తర్వాతే గొలుసు చుట్టి తాళం వేశాడు.