గొట్టంలో నూనెగుడ్డ

బాతులు ఉత్తరానికి మళ్ళాయంటే దాఖిల్‌కు పని మొదలైనట్టే. చలికాలమంతా అన్న మిజ్బాన్ వేటాడేవాడు. ఆ తర్వాత వేట సామానంతా దాఖిల్ ముందుకు వచ్చిపడేది. వలలకు పట్టిన నాచు వదిలేదాకా మంచినీళ్ళలో జాడించి నీడలో ఆరేసేవాడు. నీళ్ళ మీద తేలుతూ బాతుల్ని మోసం చేసే దీమపు బొమ్మల్ని జమ్ముతో తనే కట్టి తారు పూసేవాడు. వాటి మెడలకు మెలికపడ్డ తాళ్ళు ఓపిగ్గా విప్పి, ముక్కులూడిన వాటికి కొత్త ముక్కులు అతికించేవాడు. రబ్బరు బూట్లలో వరిపొట్టు కూరి తలకిందులుగా వేలాడదీసేవాడు. ఎలుకలకు అందకుండా సగం సామాను రెల్లుకప్పు కింద గాలిలోనే ఉండేది.

తండ్రి వదిలిపోయిన పడవ, మడుగు, జంటగొట్టాల తుపాకి అన్నదమ్ములిద్దరివీ. కాని చిన్నప్పుడు కళ్ళకలక ముదిరి దాఖిల్ కుడికన్ను మసకబారింది. గురి కుదరదు. అందుకని తుపాకి అన్న భుజానికీ, దాని చాకిరి తమ్ముడి చేతికీ వచ్చాయి. మిజ్బాన్ గురి గురించి బస్రా దాకా చెప్పుకునేవారు. చావడిలో కాఫీ తిరుగుతున్నప్పుడు అతను నవ్వుతూ అనేవాడు:

"మా దాఖిల్ ఆ తుపాకికి తలంటి పోసే దాదిరా. కాపురం చేసేది మాత్రం నేను."

అందరూ నవ్వేవాళ్ళు. దాఖిల్ కూడా నవ్వేవాడు.

ఆ ఏడు వేట ముగిసేనాటికి మిజ్బాన్ తడిసిన తుపాకిని తోలు ఒరలో దూర్చి అట్లాగే వదిలేశాడు. తోలు చెమ్మను పీల్చి దాచుకుంటుంది. దాఖిల్ తీసి చూసేసరికి గొట్టాల మీద తుప్పు చుక్కలు ఆటలమ్మలాగా లేచి ఉన్నాయి. కడుపు మండిపోయి నేరుగా చావడికి వెళ్ళి, పదిమందిలో అన్నను నిలదీశాడు.

"ఎన్నిసార్లు చెప్పాలన్నా నీకు? తుడవకపోతే పోయె, ఆరబెట్టనైనా బెట్టు. ఇట్లా ఏడిపించావంటే ఏదో ఒకనాడు ఇది నీ చెయ్యే తినేస్తుంది."

"తుపాకి పట్టలేనోడు తుపాకి గురించి చెప్పడం, గొడ్రాలు పురిటి నొప్పుల గురించి చెప్పినట్టే ఉంది," అన్నాడు మిజ్బాన్. చావడి ఘొల్లుమంది.

దాఖిల్ ఇంటికొచ్చి తుప్పంతా గీకాడు. కుట్టుమిషను నూనెలో ముంచిన రెండు గుడ్డల్ని వత్తుల్లా చుట్టి, ఎర్ర ఉన్నిదారాలు కట్టి, ఒక్కో గొట్టంలో ఒకటి నడిమిదాకా దూర్చాడు. దారాల్ని మూతి బయట జానెడు వేలాడేలా వదిలాడు. తుపాకిని పెట్టెలో పెట్టేముందు అన్నకూ, వదిన తస్వాహన్‌కూ చూపించాడు.

"ఈ రెండూ లాగాకే తూటా పెట్టాలి. లాగాక గొట్టంలోంచి ఆకాశం చూడాలి. వెలుగు కనబడకపోతే పేల్చకూడదు."

"సరేలే ముల్లా," అన్నాడు మిజ్బాన్.

ఎండలు ఇంకా తగ్గకముందే దాఖిల్ పడవకు తారు తేవడానికి నదికి ఎగువన ఉన్న బజారుకు వెళ్ళాడు. తిరిగొచ్చేసరికి రేవులో ఎవరూ పలకరించలేదు. ఎప్పుడూ పడవ తాడందుకునే పక్కింటి ముసలాయన మొహం తిప్పుకున్నాడు. గుడిసె ముందు తస్వాహన్ బియ్యప్పిండి కలుపుతూ కూర్చుని ఉంది.

"వదినా, అన్న ఏడీ?"

"అమారా పట్నం ఆస్పత్రిలో. తుపాకి పేలింది." ఆమె తల ఎత్తలేదు. "ఎడమచెయ్యి మణికట్టు దాకా తీసేశారు."

దాఖిల్ తారుముద్ద దింపి నేల మీద కూలబడ్డాడు. ఆమె నెమ్మదిగా చెప్పింది. బస్రా నుంచి ఒక కంట్రాక్టరు స్నేహితులతో వచ్చాడట. బాతులు రాకపోయినా నీ గురి చూడాలని ఎగదోశారట. పైన ఎగిరే నీటికొంగనైనా కొట్టి చూపిస్తానని మిజ్బాన్ పెట్టె తెరిచాడట. మొదటి గొట్టం బాగానే పేలిందట. రెండోది పేలిస్తే నడిమికి చీలిపోయిందట.

"దారాలు లాగలేదా?"

"లాగాడు. మనుషులంతా వెళ్ళాక వాకిట్లో నేనే ఏరాను. ఒక దారానికి గుడ్డ ఉంది. రెండోది ఉత్త దారమే. తెగిపోయింది."

"ఆకాశం చూడలేదన్నమాట."

"కొత్తవాళ్ళు చూస్తున్నారు కదా మరిదీ. ఆయన తొందర నీకు తెలియదా?"

"ఆ దారాలేవి?"

"పొయ్యిలో వేశాను," అంది తస్వాహన్.

మిజ్బాన్ ఆస్పత్రి నుంచి వచ్చాక ఊరిపెద్ద సయ్యద్ షుబ్బర్ చావడిలో పంచాయితీ పెట్టాడు. దాఖిల్ పెద్దగా భయపడలేదు. అన్న వస్తాడు, జరిగింది చెబుతాడు, అంతే కదా అనుకున్నాడు. సయ్యద్ ముందు దాఖిల్‌నే అడిగాడు. దాఖిల్ గుడ్డల సంగతి, దారాల సంగతి, అన్నకు చూపించిన సంగతి చెప్పాడు.

"నీ చెయ్యే తినేస్తుందని ఇక్కడే అన్నావు గదా?" అన్నాడు సయ్యద్.

"అన్నాను. తుప్పు చూసి అన్నాను."

సయ్యద్ మిజ్బాన్ వైపు తిరిగాడు. "నువ్వు చెప్పు. గొట్టాల్లోంచి దారాలు వేలాడుతున్నాయా?"

మిజ్బాన్ కట్టుకట్టిన చేతిని ఒడిలో పసిబిడ్డలా పెట్టుకుని కూర్చున్నాడు. చూపు కాఫీకుండల వైపు తిప్పాడు.

"లేవు," అన్నాడు. "ఏ దారమూ లేదు."

ఆ తర్వాత దాఖిల్ ఏం చెప్పినా ఎవరి చెవికీ ఎక్కలేదు. అసూయ అన్నారు. ఒంటికన్నువాడి మనసులో ఏముందో ఎవరికి తెలుసన్నారు. పడవలో, మడుగులో దాఖిల్ వాటా అన్నకు రాసిచ్చి, వాడు ఊరు విడిచిపోవాలని తీర్పయింది. రక్తం పంచుకు పుట్టినవాడు కాబట్టి అంతటితో వదిలేస్తున్నామన్నాడు సయ్యద్.

వెళ్ళేముందు దాఖిల్ అన్న దగ్గరికి వెళ్ళాడు. మిజ్బాన్ గోడకు ఆనుకుని సిగరెట్టు అంటించుకోలేక అవస్థ పడుతున్నాడు. దాఖిల్ అగ్గిపుల్ల గీసి అంటించాడు.

"ఎందుకన్నావు అట్లా?"

మిజ్బాన్ రెండు దమ్ములు పీల్చాడు. "చూసుకోకుండా పేల్చానని చెబితే రేపు పిల్లలు కూడా నన్ను చూసి నవ్వరా? చెయ్యెట్లాగూ పోయింది. పేరైనా మిగలనీరా. నీకు పోవడానికి పేరేముంది?"

చెప్పినమాటలో దురుసు లేదు. ఉన్న సంగతి చెప్పినట్టే చెప్పాడు. దాఖిల్‌ను ఎక్కువ కోసింది అదే. అన్న తన మీద కోపంతో అబద్ధమాడలేదు. తనకు పోయేదేమీ లేదని మనస్ఫూర్తిగా నమ్మాడు.

దాఖిల్ పెద్ద కాలవ పక్కన బజారున్న ఊరికి చేరి, చేపలవాళ్ళ వలలు బాగుచేస్తూ బతికాడు. మొదటి చలికాలం ముగిశాక తస్వాహన్ ఒకసారి వచ్చింది. వలలు ఎలుకలు కొట్టేశాయనీ, బూట్లు పగుళ్ళిచ్చాయనీ, దీమపు బొమ్మలు ఒక్కటీ నిలబడి తేలడం లేదనీ చెప్పింది.

"ఆయన పంపలేదు. నేనే వచ్చాను. రాత్రిపూట వచ్చి కాస్త చూసిపో మరిదీ."

"చావడి గుమ్మం బయట నిలబడి నువ్వు చూసింది సయ్యద్‌తో చెప్పు. పగలే వస్తాను."

"నేను ఆ ఇంట్లోనే తినాలి గదా," అంది ఆమె. లేచి రేవు వైపు నడిచింది. దాఖిల్ ఆమె పడవను రేవు నుంచి నెట్టాడు గాని, వలల సంగతి ఒక్కముక్క చెప్పలేదు.

మిజ్బాన్ ఆ తర్వాత చాలా ఏళ్ళు బతికాడు. వేట లేదు గనక చావడిలో తన చెయ్యి పోయిన కథ చెప్పేవాడు. ఆ కథ దాఖిల్ ఒక్కసారే విన్నాడు. వల బాగుచేయించుకోవడానికి వచ్చిన ఎవరో పైవూరి మనిషి, టీ తాగుతూ, ఎవరికి చెబుతున్నాడో తెలియకుండా చెప్పాడు. అందులో తమ్ముడు గొట్టంలో గుడ్డ కాదు, ఇనపముక్క దిగ్గొట్టాడు. పారిపోతుంటే అన్న పట్టుకుని, ఒంటిచేత్తోనే కావలించుకుని క్షమించాడు.

"చెప్పేటప్పుడు ముసలాయన ఏడ్చాడు," అన్నాడు ఆ మనిషి. "అట్లాంటి తమ్ముళ్ళు కూడా ఉంటారా అయ్యా?"

దాఖిల్ వల చిరుగు వెలుతురుకు ఎత్తి ఎడమకంటితో చూశాడు.

"ఈ కొస గట్టిగా పట్టుకో," అన్నాడు. "వదులైతే ముడి నిలవదు."