బురదరాయుడు పొలిమేర దాటాడు

రెండు వేల ఇరవై నాలుగు, ఫిబ్రవరి పదకొండు, ఆదివారం. ఆ పొద్దున సీతారాములు మంగి ఇంటి అరుగు మీద కూర్చుని దొన్నెలో రాగిజావ తాగాడు. నంజుకోవడానికి ఎర్రచీమల పచ్చడి. ఆ పులుపుకీ కారానికీ కళ్ళలో నీళ్ళు తిరిగితే మంగి నవ్వి ఇంకాస్త జావ పోసింది. నాలుక ఇంకా చురుక్కుమంటూ ఉండగానే ఆయన లోపలికి వెళ్ళి, తడిసి ముద్దయిన బురదరాయుణ్ణి రెండు చేతులా ఎత్తుకొచ్చి, గుమ్మం ముందు ఎండలో ఆరబెట్టాడు. ఆ తేదీ ఎప్పుడు తలుచుకున్నా ఆయనకు ముందు గుర్తొచ్చేది ఆ పచ్చడి రుచే.

బురదరాయుడు సినిమా రాక్షసుడు. మొసలి మూతి, ఎలుగుబంటి ఒళ్ళు, దేనిదో తెలియని తోక. ఊబిలోంచి లేచి ఊళ్ళ మీద పడతాడు. పాతికేళ్ళ కిందట గోదావరి అవతలి నుంచి వచ్చిన ఓ చిన్న నిర్మాత, రాక్షసుడి వేషానికి మనిషి కోసం వెతుకుతూ బస్తర్ అడవుల్లోని మద్దేడ్‌లో బస్సు దిగాడు. అప్పటికి సీతారాములు బి.ఏ. చదివి, ఆ ఊళ్ళో పిల్లలకు పాఠాలు చెప్పుకుంటున్నాడు. మనిషి తాటిచెట్టంత పొడుగు. ఆయన భార్య దుర్గమ్మ ఇంటి ముందు కుట్టుమిషను పెట్టుకుని జాకెట్లు కుట్టేది. నిర్మాతకు రాక్షసుడూ, రాక్షసుడికి దర్జీ ఒకే గుమ్మంలో దొరికారు.

“ఏందయ్యా, మనుషులకు జాకెట్లు కుట్టుకునేదాన్ని. దయ్యానికి చొక్కా కుట్టమంటవా?” అని దుర్గమ్మ గొణుక్కుంటూనే కొలతలు తీసింది.

తొడుగంతా గోనెసంచులు, కొబ్బరిపీచు, పాత పరుపులోని స్పాంజి. నాలుకకు సైకిల్ ట్యూబు. పళ్ళకు నీళ్ళ పైపు ముక్కలు. ఆ సినిమా పట్నంలో ఎవరూ చూడలేదు గానీ, హిందీ మాటలు పెట్టుకుని ‘కీచడ్ రాజా’ పేరుతో బస్తర్ సంతల్లో విరగబడి ఆడింది. టార్పాలిన్ కింద టీవీ పెట్టి, జనరేటరు మోతలో చూపించేవాళ్ళు. దాంతో రెండోది తీశారు. మూడోదాంట్లో రాయుడికి పెళ్ళి చేశారు. నాలుగోదాంట్లో రెక్కలు తగిలించి ఆకాశానికెత్తారు. ఐదోదాంట్లో మంచివాణ్ణి చేశారు. ఆరోదాంట్లో బాంబు పెట్టి పేల్చేశారు. రెక్కలు ఊడబీకిన చోట చిల్లులకు దుర్గమ్మే మాసికలు వేసింది. బాంబు సీనులో కాలిన నడుముకు తన నల్ల లంగా చింపి కుట్టింది. సినిమా కథలు అందరూ మరిచిపోయినా, ఆ ఒంటి మీద చెయ్యి వేసి తడిమితే ఏ భాగం ఏ సినిమాదో సీతారాములు చెప్పగలడు.

నాలుగేళ్ళ కిందటి వానల్లో దుర్గమ్మ పోయింది. పిల్లలు లేరు. పోయిన మనిషి బట్టలు ఇంట్లో ఉండకూడదని బంధువులు చీరలన్నీ పంచిపెట్టారు. కుట్టుమిషను మేనకోడలికి వెళ్ళింది. బురదరాయుడు మాత్రం నిర్మాత గోదాంలో ఉండబట్టి మిగిలాడు.

ఇన్నేళ్ళ తర్వాత, నిర్మాత కూతురు ప్రశాంతి ఏడోది తీస్తానని ఫోన్ చేసింది. తండ్రి మొదలుపెట్టిన బొమ్మను తన చేతుల మీదుగా ముగించాలని ఆ పిల్ల ఆశ. పేరు ‘బురదరాయుడి మనవడు’.

“మోకాళ్ళు నొప్పులమ్మా,” అన్నాడు సీతారాములు. “అయినా వస్తాను. షూటింగయ్యాక ఆ తొడుగు నాకిచ్చేస్తావా?”

“మీది కాక ఇంకెవరిది బాబాయ్?” అంది ప్రశాంతి.

అలా ఆయన అడవి లోపలి ఈ ఊరికి వచ్చాడు. మిగతా వాళ్ళంతా రోడ్డు మీది లాడ్జిలో దిగారు. తొడుగు వాసనకు జీపులో ఎవరూ కూర్చోలేకపోతుంటే, దాన్ని తీసుకుని ఆయన మంగి ఇంట్లోనే ఉండిపోయాడు. మంగి భర్త మిరపకోతలకు నది దాటి వెళ్ళాడు. ఐదేళ్ళ కూతురు సోమికి ఒళ్ళు కాలిపోతోంది, చర్మం మీద ఎర్రటి పొక్కులు. ఊళ్ళో ఇంకా కొంతమంది పిల్లలకు అదే జ్వరం. ముందురోజు నర్సమ్మ వచ్చి మందులిచ్చి వెళ్ళింది. ఆదివారం ఊరు తన పని కూడా తాను చేసుకుంటుందని పూజారి బిజ్జా చాటింపు వేయించాడు. సినిమా గొడవలో సీతారాములు ఆ చాటింపును చెవిన పెట్టలేదు. పొద్దున ఇంటింటి ముందూ అరిగిన చీపుర్లు, చిల్లుపడ్డ చాటలు, పగిలిన కుండలు కనిపిస్తే, ఊరంతా ఇల్లు దులుపుకుంటోందనుకున్నాడు.

నిన్నటి షూటింగులో తడిసిన తొడుగు ఆరడానికి పూట పడుతుందని వాగు దగ్గరున్న ప్రశాంతికి చెప్పి వచ్చేసరికి గుమ్మం ముందు తడి మరక ఒక్కటే ఉంది.

“మంగీ, ఈడ ఆరేసిన కీచడ్ రాజా ఏడి?”

“పోయిండు గదా గురూజీ.”

“యాడికి పోయిండు?”

“పొలిమేర దాటిండు. నా చాట, నీ కీచడ్ రాజా పక్కపక్కన పెడితిమి గదా. పోరగాళ్ళు పాణం లెక్క ఎత్తుకపోయిన్రు. తోక గూడ నేలకు తాకనియ్యలే.”

“ఆరేసిన మంగీ! ఆరేసిన నేను!”

మంగి చేత్తో నోరు మూసుకుంది. “ఇంటామె కుట్టింది బయట పెట్టిండు, గురూజీ మనసు గట్టి చేసుకున్నడు అనుకున్న. లోపల కూసోని ఏడ్సిన గూడ.”

అప్పుడర్థమైంది ఆయనకు. రోగం వచ్చిన ఊళ్ళో ప్రతి ఇల్లూ ఒక పాత వస్తువును బయట పెడుతుంది. ఆ ఇంటి కష్టం దానితో వెళ్ళిపోవాలి. కుర్రాళ్ళు వాటిని మోసుకెళ్ళి పొలిమేర అవతల దించి, వెనక్కి చూడకుండా వస్తారు. పక్కూరి వాళ్ళు అక్కణ్ణుంచి ఎత్తుకుని తమ పొలిమేర దాటిస్తారు. అలా ఊరి నుంచి ఊరికి, మనుషుల్లేని అడవి వచ్చేదాకా. దాటిన వస్తువు మళ్ళీ వెనక్కి రాదు. సీతారాములు కూడా ఆ ఊళ్ళో ఒక గడపలో ఉంటున్నవాడే కాబట్టి, ఆయన వంతుగా బురదరాయుడు వెళ్ళాడు.

బిజ్జా ఇప్పచెట్టు కింద కూర్చుని కాళ్ళకు అంటిన ముళ్ళు తీసుకుంటున్నాడు. విషయం విని లేచి నిలబడ్డాడు.

“తప్పయింది గురూజీ,” అన్నాడు. “తప్పు నీది గాదు, మాది గాదు. ఎండది.”

“రాక్షసుణ్ణి ఎట్ల పంపినవ్ బిజ్జన్నా? పక్కూరోళ్ళు భయపడరా?”

“అన్ని సినిమాలు సూసిన నేను. ఐదోదాంట్ల మంచోడైండు గదా. ఊరి విషమంతా తాగి ఊరిని బతికిచ్చిండు. మంచోడు గాకపోతే పక్కూరి మీదికి పంపుతమా?”

ఆ విషం తాగిన గొంతు సీతారాములుదే.

“నేను పోయి తెచ్చుకుంట,” అన్నాడు.

బిజ్జా వద్దనలేదు. గొడ్డలి భుజాన వేసుకుని తోడు బయల్దేరాడు.

దారిలో ప్రశాంతి ఎదురైంది. సంగతి విని ఆ పిల్ల మొహం వాడిపోయినా వెంటనే ఆయన చెయ్యి పట్టుకుంది. “బాబాయ్, సినిమా గురించి టెన్షన్ పడకండి. మిగిలినవి కంప్యూటర్లో చేసేస్తాం. నిజానికి హైదరాబాద్‌లో వాళ్ళు మొదట్నుంచీ అదే అంటున్నారు.” ధైర్యం చెబుదామనే అంది. ఆ తొడుగు ఈ లోకంలో ఇంకెవరికీ అక్కర్లేదని సీతారాములుకు ఆ మాటతోనే తెలిసింది.

మొదటి ఊరు చేరేసరికి ఎండ నడినెత్తికొచ్చింది. అక్కడి వాళ్ళు అప్పటికే దాటించేశారట. వెదురు తడిక అల్లుకుంటున్న ఓ ముసలాయన సీతారాములును కిందికీ మీదికీ చూశాడు.

“లోపల ఉండేటోడివి నువ్వే గదా?”

“నేనే తాతా.”

“నువ్వు ఈడున్నవ్. మరి అది మా ఊరెట్ల దాటింది?”

“మీ పిల్లలు మోసిన్రు గదా!”

“మోసిన్రులే. అయినా వాని కాళ్ళు కదిలినయ్. నేను సూసిన.” ముసలాయన సొరకాయ బుర్రలోంచి నీళ్ళు పోసి ఇచ్చాడు. ఆ నీళ్ళు చల్లగా ఉన్నాయి.

రెండో ఊళ్ళో డప్పు కొట్టి రాయుడితో ఆడారట. ఆడినంతసేపూ పిల్లలు భయపడకుండా నవ్వారని ఒక తల్లి సంబరంగా చెప్పింది. సీతారాములు తలూపాడు. ఇన్ని సినిమాల్లోనూ ఆయనకు ఆ మాట ఎవరూ చెప్పలేదు.

మూడో ఊరి పొలిమేర ఒక సన్నటి వాగు. ఆ గట్టు మీద, మద్దిచెట్టు మొదలుకు ఆనించి కూర్చోబెట్టి ఉన్నాడు బురదరాయుడు. చుట్టూ చీపుర్లు, చాటలు, ఒడిలో ఒక కోడిగుడ్డు, గుప్పెడు బియ్యం. ఎండ తగలకుండా ఎవరో నెత్తి మీద మోదుగాకుల గొడుగు కట్టారు. అవతలి ఊరివాళ్ళు ఇంకా రాలేదు.

సీతారాములు పరుగులాంటి నడకతో వెళ్ళి దాని ముందు కూలబడ్డాడు. చెయ్యి మెడలోపలికి పోనిచ్చాడు. స్పాంజి గీరుకుని ఆయన మెడ పుండవుతోందని, మొదటి సినిమా నాడే దుర్గమ్మ అక్కడ తన నూలు చీర కొంగు మడిచి కుట్టింది. మెత్తగా ఉంది. లోపలి పక్క ఇంకా తడిగానే ఉంది.

“బిజ్జన్నా, తీసుకపోత.”

“తీసుకపో గురూజీ. నీ చెయ్యి ఎవ్వడు పట్టుకోడు.”

“మరి?”

బిజ్జా వచ్చిన దారి కేసి చూశాడు. “మూడూర్లల్ల నుంచి పోవాలె. సూస్తరు. తిడతరా, తిట్టరు. కొడతరా, కొట్టరు. తలుపులు దగ్గరికేసుకుంటరు. ఆఖరికి మంగి గడపకు పోతవ్. ఆడ సోమి పండుకుని ఉంది.”

“వాగు దాటి అటుకెల్లి పోతే? దంతెవాడ రోడ్డు ఎక్కుత, జీపుల ఏసుకపోత.”

“అటు గూడ ఊర్లే గదా. ఎవరి ఊరి నడుమ నుంచి పోయినా వాళ్ళ పిల్లలున్నరు.”

ఆయన చదువుకున్నవాడు. జ్వరం గోనెసంచిలో కూర్చుని వాగు దాటదని తెలుసు. సోమికి తగ్గేది నర్సమ్మ ఇచ్చిన మందుతోనేనని కూడా తెలుసు. కానీ ఒకవేళ తగ్గకపోతే? తాను దీన్ని చంకన పెట్టుకుని గుమ్మంలోకి వెళ్ళిన రాత్రే ఆ పిల్ల ఒళ్ళు ఇంకా కాలితే? మంగి ఒక్క మాటా అనదు. మళ్ళీ రాగిజావ పోస్తుంది. అది తాగడం తన వల్ల కాదు.

“ఈ గుడ్డపేలిక ఒక్కటి?” అన్నాడు మెడలోపలి కొంగును వేలితో చూపిస్తూ. “ఇంత ముక్కే అన్నా.”

బిజ్జా గొడ్డలి కర్రను చేతిలో అటూ ఇటూ తిప్పాడు. తీసుకొమ్మనాలని ఆయనకూ ఉందని మొహం చూస్తే తెలుస్తోంది. “అంత ముక్కయినా, దాటింది దాటిందే గదా గురూజీ,” అన్నాడు నేలకేసి చూస్తూ.

వీపు మీద రెక్కలు ఊడిన చోట ఒక మాసిక కుట్టు వదులైంది. సీతారాములు పళ్ళతో దారం తుంచి ముడి వేశాడు. ఎందుకు వేశాడంటే ఆయన చెప్పలేడు. ఊరికే చూస్తూ కూర్చోలేకపోయాడు.

ఎండ వాలుతుండగా అవతలి ఊరి వాళ్ళు నీళ్ళలో దిగి వచ్చారు. ఎక్కువమంది ఆడవాళ్ళు. మాసే అనే ముసలావిడ ముందుంది. రాయుణ్ణి చూడగానే అందరూ పకపకా నవ్వారు. “అబ్బ, ఎంత సొగసున్నడే!” అని ఒకామె గడ్డం పట్టుకుంది. “నీ మొగుని కన్న నయమే,” అని ఇంకొకామె అంటే మళ్ళీ నవ్వులు. ఇద్దరు చంకల కింద చేతులేసి లేపారు. ముల్లుకంప తగలకుండా వేలాడే చెయ్యిని మాసే పొట్ట మీదికి మడిచింది.

“అవ్వా,” అన్నాడు సీతారాములు. “తోక వాగుల తడవనియ్యకు. లోపల బూరుగుదూది. తడిస్తే మోయలేరు.”

మాసే ఆయన్ని ఎగాదిగా చూసింది. “గట్లనే నాయనా,” అని తోకను తన భుజం మీద వేసుకుంది.

వాళ్ళు నీళ్ళలో నడిచి వెళ్ళారు. ఎవరూ వెనక్కి తిరగలేదు. పంపిన వాళ్ళు కూడా చూడకూడదు. బిజ్జా వాగుకు వీపు పెట్టి నిలబడి, ఎండిన గడ్డిపరక ఒకటి నములుతూ, దారి మీది చీమల్ని శ్రద్ధగా చూడసాగాడు. సీతారాములు చూడకూడనిది చూస్తూనే ఉన్నాడు. బిజ్జా తొందరపెట్టలేదు. తోక చివర చెట్ల మధ్య కనపడకుండా పోయినా ఇంకా కాసేపు ఆగి, “పోదమా?” అన్నాడు.

తిరిగి వచ్చేసరికి దీపాల వేళయింది. గుట్టెక్కి సిగ్నల్ దొరికిన చోట హైదరాబాద్ వాళ్ళతో మాట్లాడి ప్రశాంతి ఎవరితోనో కబురు పంపింది. రేపు పొద్దున ఒంటికి అతుక్కునే నల్ల బట్టలు ఇస్తారట, అవి వేసుకుని బాబాయ్ ఊరికే అటూ ఇటూ నడిస్తే చాలట, రాక్షసుణ్ణి తర్వాత అతికిస్తారట.

“సోమికెట్లుంది మంగీ?”

“గట్లనే ఉంది.” మంగి తడిగుడ్డ పిండి పిల్ల నుదుటి మీద వేసింది. ఆయన ఉత్త చేతులను ఒకసారి చూసి, తట్టలో వేడి అన్నం, చింతపండు వేసిన ఎండుచేపల కూర పెట్టింది. ఆయన తినగలిగినంత తిన్నాడు.

లోపలి గదిలో చాప మీద, పొద్దుటిదాకా బురదరాయుడు పడి ఉన్న చోటు ఖాళీగా ఉంది. కొబ్బరిపీచు పోగులు రెండు మూడు రాలి ఉన్నాయి. వాటిని ఏరాలా, బయట పారెయ్యాలా, ఎవరిని అడగాలో ఆయనకు తెలియలేదు. వాటిని తాకకుండా పక్కకు జరిగి, గోడ వైపు తిరిగి పడుకున్నాడు. అవతల సోమి మూలుగుతోంది. మంగి ఏదో సన్నగా పాడుతోంది, ఆగుతోంది, మళ్ళీ పాడుతోంది.

కొంతసేపటికి మంగి దీపం పట్టుకుని వచ్చి గుమ్మంలో నిలబడింది. ఆయన నిద్రపోయాడనుకుందో, నిద్రపోలేదని తెలిసిందో, తడిక తలుపును నేలకు రాసుకోకుండా కాస్త పైకెత్తి, చప్పుడు కాకుండా దగ్గరికి వేసింది.