కిటికీ గట్టు మీది నత్త

మా అత్తగారి దృష్టిలో తోటలో తిరిగే జీవాలు రెండే రకాలు. ఆకుకూర తినేవి, తిననివి. తిననివాటితో ఆవిడకి పేచీ లేదు. తినేవాటిని మాత్రం పొద్దున్నే బకెట్టు పట్టుకుని ఏరి, వెనక గోడ అవతలికి గిరాటేస్తుంది. మా ఆయన దృష్టిలో అన్నీ ఒకటే రకం. కాసేపు కదలకుండా కూర్చుంటే బొమ్మ వేసుకోదగ్గవి. ఈ విషయంలో తల్లీకొడుకులు ఉప్పూ నిప్పూ. మధ్యలో నలిగేది నేను.

మా ఇంట్లో పిల్లల బొమ్మల పుస్తకాలు తయారవుతాయి. మాటలు నావి, గీతలు ఆయనవి, నమూనా ప్రతులు దారంతో కుట్టేది అత్తగారు. రంగులు మా అమ్మాయివి. పేరు పెట్టి పిలిచేవాళ్ళు ఇంట్లో ఎవరూ లేరు, అందరికీ అది అమ్మలే. గొప్పలు చెప్పుకోవడం కాదు గానీ మా పుస్తకాలు ఎవరైనా కొన్నారంటే ఆ రంగులు చూసే. "నాన్నా, కప్ప అంత పచ్చగా ఉండదు, వెళ్ళి సరిగ్గా చూసిరా" అని పలక పట్టుకునే వయసులోనే తండ్రికి చీవాట్లు పెట్టిన పిల్ల. గొంగళిపురుగు వీపు మీద మాకు ఒక పసుపు కనబడితే దానికి నాలుగు కనబడేవి.

ఆ పిల్ల కిందటేడు చదువు మధ్యలో వదిలేసి ఇంటికొచ్చింది. తన గదిలోకి వెళ్ళి గోడవైపు తిరిగి పడుకుంది. ఏమైందే అంటే, ఏమీ కాలేదమ్మా అంటుంది. డాక్టరు మందులు రాసిచ్చి ఓపిక పట్టమన్నాడు. పట్టాం. నాకసలే ముక్కు మీద కోపం. దాన్ని కూడా ఆ గది గుమ్మం బయటే విడిచి లోపలికి వెళ్ళడం నేర్చుకున్నాను. సగం రంగులు పడ్డ తోట పుస్తకం బల్ల మీద అలాగే ఉండిపోయింది. పుస్తకం పోతే పోయింది. అది మళ్ళీ ఒక్కసారి పెన్సిలు పట్టుకుంటే చాలనిపించేది. పట్టుకుంటే మాకు దక్కుతుందని ఆయనా నేనూ పైకి అనుకోలేదు, లోపల మాత్రం ఇద్దరం అదే అనుకునేవాళ్ళం.

వాన వెలిసిన ఓ పొద్దున్న దాని కిటికీ గట్టు మీదికి ఒక నత్త వచ్చింది. తనంతట తానే వచ్చింది, ఆ ఒక్క మాట నిజం. నేను టీ పట్టుకెళ్ళేసరికి అమ్మలు మోచేతి మీద లేచి దానివైపే చూస్తోంది.

"చూశావా అమ్మా, గుల్ల మీద చార రెండో చుట్టు దగ్గర తెగిపోయింది. కాస్త ఆగి మళ్ళీ మొదలైంది."

చూశానన్నాను. నేను చూసింది అమ్మలు మొహం.

మర్నాడు నత్త లేదు. "వెళ్ళిపోయిందా" అని అమ్మలు మళ్ళీ గోడవైపు తిరిగింది. ఇంకేముంది, మా ఆయన ఆకుకూర మడిలో మోకాళ్ళ మీద పాకడం మొదలెట్టారు. నత్తనడక అని లోకం వెటకారం చేస్తుంది గానీ, అది అప్పటికే మడి అవతలి అంచుకి చేరిపోయింది. పట్టుకొచ్చి గట్టు మీద పెట్టారు.

అప్పట్నుంచి ఆయనకి అదే ఉద్యోగం. పొద్దు వాలి అమ్మలు కునుకు తియ్యగానే తోటవైపు నుంచి నత్తని తీసి, చిల్లులు పెట్టిన డబ్బాలో ఆకులేసి, పెద్ద కుండీ వెనక దాచడం. అమ్మలు లేచేలోగా మళ్ళీ గట్టు మీద పెట్టడం. ఇదంతా అత్తగారి కంట పడకుండా. పడిందంటే ఇల్లు పీకి పందిరేస్తుంది.

"దానికి నా కిటికీ అంటే ఎందుకో ఇష్టం అమ్మా" అంది అమ్మలు ఒకరోజు. "ఎవరూ పిలవకుండానే వస్తోంది, చూడు."

"ఇష్టం ఉండబట్టే వస్తుంది మరి" అన్నాను. అంత అబద్ధం అంత నున్నగా నోట్లోంచి వచ్చేసింది. కథలు రాసే నోరు కదా.

ఆ వారంలోనే అది పెన్సిలు అడిగింది. ఆయన చెక్కి ఇస్తూ ముల్లు విరగ్గొట్టారు, మళ్ళీ చెక్కుతూ మళ్ళీ విరగ్గొట్టారు. అమ్మలు రోజుకి కాస్త గీసి అలిసిపోయి పడుకునేది. అయినా గీసింది. నెమ్మదిగా కాగితం మీద ఆ గుల్ల చుట్టు తిరగడం మొదలైంది. ఆ తెగిన చార దగ్గరికి రాగానే ఆగి, "ఇక్కడ రంగు నేనే కలుపుతాను" అంది. మా ఆయన వంటింట్లోకి వచ్చి కొళాయి తిప్పి, నీళ్ళ చప్పుడులో ఏడ్చారు. నేను చూడనట్టు గిన్నెలు సర్దాను. నాకూ ఆశ పుట్టింది. పుట్టకూడదని ఎంత అనుకున్నా పుట్టింది.

ఆ సాయంత్రమే అత్తగారు కుండీలు జరిపి ఊడ్చింది. డబ్బా దొరికింది.

"ఎవర్రా ఇది పెట్టింది? నేను ఏరి పారేస్తుంటే వెనకనించి మేపుతున్నారా?" అని అరుస్తూనే నత్తని గోడ అవతలికి విసిరేసింది. ఆవిడకి మాత్రం ఏం తెలుసు? మేము చెబితేగా.

గోడ అవతల అంతా రాళ్ళూ, ముళ్ళకంపా. దీపం పట్టుకుని వెతికాం. దొరకలేదు. మర్నాడు తెల్లారుతూనే ఆయన తోట గాలించి అంతే పరిమాణంలో ఇంకో నత్తని తెచ్చారు. దాని గుల్ల మీద చార లేదు.

"చారే కదా. వేస్తే సరి" అన్నారు.

నేను అడ్డుపడాల్సింది. అడ్డుపడలేదు. అమ్మలు రంగులపెట్టె మేమే తెరిస్తే, మూల అరలో ఎండిపోయిన ముదురు గోధుమరంగు సరిగ్గా కుదిరింది. నీళ్ళతో తడిపి, సన్న కుంచెతో, చార తెగినచోట తెగినట్టే దించారు. "ఇంకాస్త ముదురు చెయ్యండి" అన్నాను నేను. పైన వార్నిష్ పూయబోతే, పాపం దానికి ఊపిరాడదేమోనని చెయ్యి పట్టుకుని ఆపాను. ఎన్నాళ్ళకో ఇద్దరం ఒకే బల్ల దగ్గర పనిచేస్తున్నాం. కొత్త పెళ్ళికూతురిలా సిగ్గుపడి ముడుచుకుందండీ అంటే ఆయన పకపకా నవ్వారు. అవును, నవ్వుకున్నాం కూడా.

మధ్యాహ్నం నేను అమ్మలు పక్కనే ఉన్నాను. నత్త ఎంతకీ గుల్లలోంచి బయటికి రాలేదు. ఎండకి ఎండిపోతోందేమోనని అమ్మలు గ్లాసులో వేళ్ళు ముంచి నాలుగు చుక్కలు చిలకరించింది. చార కరిగింది. కరిగి గట్టు మీదికి కారింది.

అమ్మలు వేలితో ఆ నీళ్ళని రాసి, వెలుతురులోకి ఎత్తి చూసుకుంది.

"ఇది కప్పకని నేను కలిపిన రంగు" అంది.

అబద్ధం కోసం వెతుక్కున్నాను, ఈసారి దొరకలేదు. డబ్బా, కుండీ, గోడ అవతలి ముళ్ళకంప, అన్నీ చెప్పేశాను.

"అంటే అది నిజంగా వచ్చింది ఆ మొదటిరోజు ఒక్కటే."

"అవునమ్మా."

తడిగుడ్డతో ఆ నత్తగుల్లని శుభ్రంగా తుడిచింది. తుడిచి నా అరచేతిలో పెట్టింది. "దీన్ని ఆకుల్లో వదిలెయ్యి. నా దగ్గర దీనికేం పని?"

గుమ్మంలో ఆయన. ఎప్పట్నుంచి నిలబడ్డారో తెలియదు. "అమ్మలూ, నీ కోసమే..." అన్నారు.

"తెలుసు నాన్నా" అంది. కాగితాన్ని సగానికి మడిచి దిండు కిందకి తోసి, గోడవైపు తిరిగింది. తిట్టినా బాగుండేది. దాని స్థానంలో నేనుంటే ఇల్లు ఎగరగొట్టేదాన్ని.

ఆ తర్వాత ఆయన కూడా బొమ్మలు ముట్టుకోలేదు. సంగతి తెలిసి అత్తగారు బకెట్టు బోర్లించేసింది. "తిననీ, ఏం తింటాయో" అంటుంది. ఆకుకూర మడి జల్లెడైపోయింది. నత్తలు గోడల మీదా, మెట్ల మీదా, ఎక్కడ చూస్తే అక్కడే. ఆ కిటికీ వైపు మాత్రం ఒక్కటీ పోలేదు.

నిన్న పొద్దున్న నేను దుప్పటి మారుస్తుంటే కిటికీలో రెక్కల చప్పుడైంది. ముక్కున గడ్డిపరకతో చిన్న పిట్ట. పరకని కిటికీ రెక్క మూలలో పెట్టి, అటూ ఇటూ చూసి, ఎగిరిపోయింది. కాసేపటికి ఇంకోటి తెచ్చింది. చూస్తే అప్పటికే అక్కడ గుప్పెడు పరకలున్నాయి. అమ్మలు ఇటు తిరిగింది. దాని కళ్ళు పిట్ట వెంట వెళ్ళాయి, మళ్ళీ పిట్టతో వెనక్కి వచ్చాయి.

"ఇదెలా చేశాడమ్మా నాన్న?" అంది.

"నాన్న కాదే! పిట్టని ఎవరైనా ఎలా పెడతారే పిచ్చిదానా!"

"కిటికీ కింద గడ్డి పోగేసి ఉంటాడులే."

తోటలోకి చూశాను. ఆయన వట్టి చేతులతో మెట్ల దగ్గర నిలబడి, నోరు తెరుచుకుని పిట్టవంకే చూస్తున్నారు. నా చూపు పడగానే, నేను కాదు అన్నట్టు గబగబా తల అడ్డంగా ఊపారు. నా ప్రాణం లేచొచ్చింది.

"నీ మీద ఒట్టు అమ్మలూ. అదే వచ్చింది. దానంతట అదే."

అమ్మలు నావంక చూసి నవ్వింది. "సరేలే అమ్మా" అంది. పెద్దయ్యాక, నాన్న బొమ్మ కుదరనప్పుడు ఆయన మనసు నొప్పించకుండా అది అనే మాట అదే, అదే గొంతుతో.

"కిటికీ వేసెయ్యి. ఈ వయసులో నాన్నకెందుకు ఇంత శ్రమ?"

వాదించాలనుకున్నాను. కానీ చాలా రోజులకి అది నోరు తెరిచి ఒకటి అడిగింది. కాదని ఎలా అనను? రెక్క పడాలంటే మూలలో పరకలు తియ్యాలి. తీశాను.