నట్టు మరిచిన రోజు

ఆ షెడ్డుకు వచ్చేవాళ్ళెవరికీ ఆయన అసలు పేరు తెలియదు. ఊరందరికీ బ్రేకుల మామ. ఇంజను పని చేసేవాళ్ళు వీధికొకరు దొరుకుతారు గానీ, ప్రాణం మీదికి వచ్చే పని దగ్గర మాత్రం జనం ఈ ముసలాయన్నే వెతుక్కుంటూ వస్తారు. అలాంటి మనిషి మీద ఓ కన్నేసి ఉంచమని కన్నకొడుకే తన పెళ్ళానికి అప్పజెప్పి, స్పేర్ పార్టుల కొట్టుకు బయల్దేరాడు.

"పోయిన వారం చక్రం నట్లు బిగించకుండానే తాళాలు ఇచ్చేయబోయాడు నాన్న. నేను చూశాను కాబట్టి సరిపోయింది. ఇవాళ నువ్వు పక్కనే ఉండు. పిసరంత అనుమానం వచ్చినా నాకు చెప్పు. ఇక ఆయన్ని బ్రేకుల జోలికి రానివ్వను" అన్నాడు.

మహా చెప్పొచ్చాడు! ఈ కోడలికి స్పానరు పట్టుకోవడం నేర్పిందెవరు? ఆ ముసలాయనే. కొత్తగా కాపురానికి వచ్చి వంటింట్లో బిక్కమొహం వేసుకుని కూర్చుంటే, "ఇక్కడ గిన్నెలు తోమింది చాల్లే గానీ, వచ్చి ప్లగ్గులు తోము అమ్మాయ్" అని షెడ్డుకు లాక్కొచ్చాడు. ఇప్పుడా మనిషి మీదే చాడీలు చెప్పాలి. చెప్పకుండా ఊరుకుంటే, ఏ బండో వెళ్ళి ఎవరి ప్రాణమో తీస్తుంది. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం.

ఆ మధ్యాహ్నం టీచరమ్మ కారును తాడు కట్టి తీసుకొచ్చారు. ఆవిడ రిటైరై చాలాకాలమైంది, కారు ఆవిడకంటే ముందే రిటైరవ్వాల్సింది.

"బడి గేటు దగ్గర పెడల్ తొక్కితే నేలకంటా దిగిపోయింది మామా! హ్యాండ్ బ్రేక్ లాగాను కాబట్టి బతికిపోయాం. పాపం ఆ చెత్తడబ్బా ఒక్కటే పచ్చడైంది. సాయంత్రం మనవరాళ్ళిద్దర్నీ ఎక్కించుకుని ఆ వాలు రోడ్డు దిగాలి. అవుతుందా?"

"ఎందుకవదు? మీరలా కుర్చీలో కూర్చోండి టీచరమ్మా" అంటూ మామ కారు కిందికి దూరాడు. దూరిన మరుక్షణమే తిట్లు మొదలయ్యాయి.

"ఎవడో మహానుభావుడు జాకీ పెట్టడానికి చోటే దొరకనట్టు బ్రేకు పైపు మీదే పెట్టాడమ్మా! నలిగి చీలిపోయింది. ఆయిలంతా ఇక్కడే ఉంది. చేతులా అవి, రోకళ్ళా?"

తిట్లు మామూలుగానే ఉన్నాయి. కోడలికి కాస్త ధైర్యం వచ్చింది.

పాత పైపు విప్పారు. దాని కొలతకే కొత్తది కోసి, వంపులు తిప్పారు. ఇక పైపు మూతిని రెండు వైపులా గరాటులా విప్పాలి. ఆ విప్పేముందు నట్టు ఎక్కించి తీరాలి, వంచిన పైపుకు మూతి విప్పాక దేవుడు దిగొచ్చినా ఏ వైపునుంచీ నట్టు ఎక్కదు. ఆ పైపు ఇక పారేయాల్సిందే. ఈ పనిలో ఉన్నవాళ్ళు ఎప్పుడో ఒకప్పుడు ఇక్కడ పప్పులో కాలేసినవాళ్ళే. అందుకే ఈ షెడ్డులో నట్టు మరిచినవాళ్ళు అందరికీ టీ పోయించాలని ఓ కట్టుబాటు. కోడలు ఇప్పటికి ఎన్నిసార్లు పోయించిందో లెక్కలేదు. మామ మాత్రం ఎప్పుడూ తాగడమే.

మామ మూతి విప్పి, పైపు ఎత్తి చూసుకున్నాడు. నట్టు బల్లమీదే ఉంది.

"ఓరి నీ! టీ నాదే ఇవాళ!" అని పెద్దగా నవ్వాడు. టీచరమ్మా నవ్వింది, కోడలూ నవ్వింది. టీ వచ్చింది, తాగారు. అంతవరకూ బాగానే ఉంది.

ఇంకో పైపు కోసి వంచారు. ఈసారి మొదటి నట్టు ఎక్కించాకే మూతి విప్పాడు. రెండో వైపుకు తిరిగి, ఆ మూతి కూడా విప్పేశాడు. రెండో నట్టు ఆయన జేబులోనే ఉండిపోయింది. ఈసారి ఎవరూ నవ్వలేదు. మామ మూడో పైపు తీసి, రెండు నట్లూ పెదాల మధ్య పెట్టుకున్నాడు. నోట్లో ఉంటే ఎలా మరిచిపోతాడు? ఆ పైపు చక్కగా కుదిరింది.

ఇక మిగిలింది గాలి తీయడం. పైపులో గాలి బుడగ మిగిలితే పెడల్ మెత్తగా దిగిపోతుంది, బండి ఆగదు. ఈ పనికి ఇద్దరు కావాలి. సీట్లో ఉన్నవాళ్ళు పెడల్ నొక్కి పట్టుకుంటే, కింద ఉన్నవాళ్ళు చక్రం దగ్గరున్న చిన్న మర, నిపిల్‌ను వదులు చేస్తారు. గాలీ ఆయిలూ గొట్టంలోంచి సీసాలోకి వస్తాయి. నిపిల్ బిగించాకే పెడల్ వదలాలి. ముందే వదిలారా, బయటి గాలి మళ్ళీ లోపలికి పోతుంది. అందుకని కింద ఉన్నవాళ్ళు చెప్పినట్టల్లా పైనున్నవాళ్ళు చేయాలి.

కోడలు సీట్లో కూర్చుంది.

"నొక్కు."

"నొక్కా మామయ్యా."

"వదులు."

ఆమె కాలు తీయబోయి ఆగింది. ఎప్పుడూ ముందు స్పానరుతో బిగించిన చప్పుడు, తర్వాతే "వదులు" వినిపించేవి. ఇప్పుడు మాట ముందొచ్చింది.

"వదలమంటుంటే!"

వదిలింది. మళ్ళీ నొక్కమన్నాడు. మళ్ళీ అంతే. పెడల్ మెత్తగా జారిపోతోంది.

"గట్టిపడిందా?" అని కిందినుంచి అడిగాడు.

ఔననేస్తే మామ పరువు దక్కుతుంది. కుర్చీలో టీచరమ్మ గడియారం చూసుకుంటోంది.

"లేదు మామయ్యా. మెత్తగానే ఉంది."

మామ బయటికొచ్చాడు. గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. చేతులు శుభ్రపడ్డాక కూడా తుడుచుకుంటూనే ఉన్నాడు.

"గాలి నేనే లోపలికి పంపిస్తున్నా, కదూ?"

కోడలు కారు దిగింది.

"చెప్పు తల్లీ. బ్రేకు దగ్గర మొహమాటం పనికిరాదు."

"అవును మామయ్యా. బిగించకముందే వదలమంటున్నారు."

ఆయన స్పానరు ఆమె చేతిలో పెట్టాడు. "కిందికెళ్ళు. నేను పైన కూర్చుంటా."

కోడలు వెల్లకిలా కారు కిందికి జరిగింది. "నొక్కండి మామయ్యా" అంది.

"అదేం పిలుపే, విస్తరి ముందు కూర్చోమన్నట్టు! నువ్వలా సాగదీసేసరికి ఆయిలంతా కారిపోతుంది. నొక్కు అను."

"మిమ్మల్నా?"

"పెడల్ దగ్గరున్నవాణ్ణి. అను."

"నొక్కు."

"నొక్కా" అని బుద్ధిగా బదులొచ్చింది పైనుంచి.

కోడలికి ఏడుపొచ్చేసింది. మసి చేతుల్తో తుడుచుకోవడానికీ లేదు. అలాగే నిపిల్ వదులు చేసింది, బిగించింది, "వదులు" అంది. "వదిలా" అన్నాడు. సీసాలోకి బుడగలు వచ్చి, వచ్చి, చివరికి ఆగిపోయాయి. మిగతా చక్రాలకీ అలాగే తీశారు.

"రాయిలా ఉందే అమ్మాయ్!" అన్నాడు మామ.

కోడలు కారు నడిపి చూస్తానంటే, మామ పక్క సీట్లో ఎక్కాడు. వాలు మధ్యలో ఆమె బ్రేకు వేసింది. కారు టక్కున ఆగింది, అంగుళం కూడా జారలేదు.

"మీ ఆయన నిన్ను నాకు కాపలా పెట్టాడుగా" అన్నాడు మామ, రోడ్డుకేసి చూస్తూ. "నువ్వేం చెప్పక్కర్లేదు. ఇకమీదట బ్రేకులన్నీ నువ్వే చూస్తావని నేనే చెప్తా వాడితో. కన్నవాణ్ణి, నా నోటితో చెప్తేనే బావుంటుంది."

"సరే మామయ్యా."

ఆయన కిటికీలోంచి చెయ్యి బయటపెట్టాడు.

"మర్చిపోతే గుర్తుచెయ్యి" అన్నాడు.