కూలోళ్లకు అంటని మైల

భీమమ్మతో వేగడం భర్త చిన్నయ్యకు ఎంత కష్టమో ఆయనెప్పుడూ చెప్పలేదు గానీ, కోడలు అర్చనకు మాత్రం ఉన్నది ఒకటే కష్టం: అత్తకు అన్నీ తెలుసు. పప్పులో చింతపండు ఎప్పుడు పడాలో తెలుసు, వాన ఏ దిక్కు నుంచి దిగుతుందో తెలుసు, డిగ్రీ కాలేజీలో అర్చనకు ఏమేం నేర్పకుండా పంపారో అదీ తెలుసు. ఇంట్లో ఫ్యాను ఆగిపోతే ముందు భీమమ్మ దానివైపు ఓసారి గుర్రుగా చూడాలి, తర్వాతే మెకానిక్కు. కొన్నిసార్లు ఆ చూపుకే ఫ్యాను తిరిగేది. అర్చనకు అదింకా మంట.

ఆ ఏడు మానవపాడులో విత్తనాల కోసం వేసిన వాళ్ల సీడు పత్తి పూతకొచ్చేసరికి భీమమ్మ కూతురు కావ్య పుట్టింట్లో బాలింత. కర్నూల్లో కాన్పయి, బొద్దుగా ఉన్న ఆడపిల్లతో వచ్చి లోపలి గదిలో ఉంది. చెవుల్లో దూది, తలకు గుడ్డ, కిటికీకి దుప్పటి. చేను ఇంటి వెనకే. ఒకరోజు కాస్త గాలికని కావ్య పెరటి గడప దాటబోతే భీమమ్మ పరుగున వచ్చింది.

"బాలింతవి, చేను దిక్కు పోతవా? మైల తగిల్తే పూతంత రాల్తది!"

పూత రాలడమంటే మాటలు కాదు. సీడు పత్తిలో సాయంత్రం ఆడమొగ్గలు ఒలిచిపెట్టి, తెల్లారి వాటికి మగపువ్వు రుద్దాలి. దాన్నే క్రాసింగ్ అంటారు. ఒక్క పూట తప్పితే ఆ పువ్వు దక్కదు. కావ్య మళ్లీ దుప్పటి కట్టిన కిటికీ దగ్గరికి పోయింది.

క్రాసింగ్‌లో కూలికొచ్చే కృపంత చురుకైన చెయ్యి ఆ చుట్టుపక్కల లేదు. ఆమె భర్త స్టీఫెన్ హైదరాబాదులో బిల్డింగు పనికి పోయాడు. కృపకు నెల తక్కువ కాన్పయింది. కొడుకు పిడికెడంత. దవాఖానలో కొన్నాళ్లు అద్దాలపెట్టెలో ఉంచి, ఒళ్లు కుదుటపడ్డాక ఇంటికి పంపారు. రవికె లోపల, ఎదకు ఆనించి వెచ్చగా పెట్టుకోవాలని, పొదుగుతున్న కోడిలాగా కదలకుండా కూర్చోవాలని చెప్పి పంపారు.

ఆ కోడికే భీమమ్మ కబురు పెట్టింది.

"రేపటి సంది కృప వస్తది" అంది, పొయ్యి దగ్గర కూర్చుని.

"అది గూడ బాలింతనే గదా, అత్తమ్మా?"

"వాళ్లది పనిజేసే ఒళ్లు. గట్టిగుంటరు."

"మరి మైల?"

"కూలోళ్లకు అది అంటదు."

అర్చన పెనం మీద జొన్నరొట్టె తిప్పింది. "వచ్చింది కూలోళ్లో, కన్నబిడ్డో పువ్వుకెట్ల తెలుస్తది, అత్తమ్మా?"

భీమమ్మ పెనం వైపు చూసింది. "రొట్టె మాడుతుంది, చూస్కో" అంది.

రొట్టె మాడలేదు.

కృప వాడలో ఎవరినైనా పిల్లలెంతమంది అని అడిగితే, ఉన్నవాళ్ల పేర్లు చెప్పి, పోయినవాళ్ల దగ్గర కాసేపు ఆగుతారు. భీమమ్మ వాళ్ల వీధిలో ఆ ఆగడం ఎప్పుడో పోయింది. కృప కూడా ఆగుతుంది. మొదటి పిల్ల దక్కలేదు. తెల్లారి తనే వెళ్లి రావద్దని చెబుదామనుకుంది అర్చన. తను లేచేసరికే కృప చేలో ఉంది. రానంటే వచ్చే ఏడు పిలవరని ఆమె భయం.

సన్నగా తుంపర పడుతోంది. అర్చన నెత్తిన గోనె కప్పుకుని, సగం తడిసి, టీ పట్టుకుపోయింది. భీమమ్మ గట్టు మీద గొడుగు కింద దర్జాగా కూర్చుని ఉంది. పక్కనే తుమ్మచెట్టుకు కట్టిన చీర ఉయ్యాలలో పిల్లగాడు.

"ఎంత బుద్ధిమంతుడో చూడు. పొద్దటి సంది ఏడిస్తే ఒట్టు. కావ్య బిడ్డ ఉంది, ఇల్లు పీకి పందిరేస్తది."

అర్చన వంగి పాదాలు ముట్టుకుంది. చల్లగా ఉన్నాయి. పొట్ట ముట్టుకుంది. అదీ చల్లగానే ఉంది.

"కృపా! జల్ది రా!"

కృప చెట్ల మధ్యనుంచి ఉరికొచ్చింది. మెడ దాకా ముద్దగా తడిసి ఉంది. పిల్లవాణ్ని ఎత్తుకుని రొమ్ము పట్టబోయింది. వాడు నోరు తెరవలేదు.

"పొద్దుగాల గూడ సరిగ తాగలే, అక్కా. నిద్రనేమో అనుకున్న..."

"నీ ఒళ్లు తడిసింది, నాదీ తడిసింది" అని అర్చన అత్త వైపు తిరిగింది. "మీరొక్కరే పొడిగున్నరు. రవికె గుండీలు తియ్యుండ్రి."

"నేనా? గట్టు మీదనా?"

"పిల్లల సంగతి మీకన్న ఎవరికి తెలుసు, అత్తమ్మా?"

కృప వాడ పిల్లలు నీళ్లడిగితే పైనుంచి దోసిట్లో పోసే ఇల్లు అది. భీమమ్మ అటూ ఇటూ చూసింది. కృప ముఖం చూసింది. గుండీలు తీసి చేతులు చాచింది. అర్చన తడిగుడ్డ తీసేసి, పిల్లవాణ్ని ఆ వెడల్పాటి ఎద మీద బోర్లా ఆనించి, పైన కొంగు కప్పి, ఇంట్లోకి పోయి భర్త గణేష్‌ను జీపు తీయమంది. అర్చన తెచ్చిన పొడిచీర కట్టుకుని కృప కూడా ఎక్కింది. చేలో ఒలిచిన మొగ్గలు సగం అలాగే ఉండిపోయాయి.

గద్వాల దాకా భీమమ్మ గణేష్‌కు బండి నడపడం నేర్పలేదు. అలా నేర్పకపోవడం అదే మొదటిసారి. దారిలో ఒక్కసారే నోరు విప్పింది.

"గుండె పిచ్చుకది లెక్క కొట్టుకుంటుందే, అర్చనా."

"కొట్టుకోనియ్యుండ్రి. కొంగు తియ్యకుండ్రి."

దవాఖానలో పిల్లవాణ్ని లోపలికి తీసుకుపోయారు. మధ్యాహ్నం దాటాక కృపను పిలిచి, ఎద మీద పడుకోబెట్టుకోమన్నారు. తలుపు సందులోంచి ముగ్గురూ చూస్తుండగా వాడు వెతుక్కుని, జారి, మళ్లీ వెతుక్కుని రొమ్ము పట్టాడు. గణేష్ టీ తెస్తానని పోయాడు.

అప్పుడొచ్చింది సిస్టరు, కోపంగా.

"ఇంత చిన్న పిల్లగాన్ని వానలో చేనుకు తీస్కపోతవా? తల్లివేనా నువ్వు? చెప్పి పంపిన మాటలు ఎటు పోయినయి? ఇంకింత ఆలస్యమైతే ఏమయ్యేదో తెల్సా?"

కృప తల దించుకుంది. తిరుగు జవాబు చెప్పడం ఆమెకు అలవాటు లేదు.

అర్చన గోడ మీది పోస్టరు చదవడం మొదలుపెట్టింది. అది దోమల గురించి. రెండోసారి కూడా చదివింది.

భీమమ్మ రవికె గుండీలు సర్దుకుని లేచి, గది గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"సిస్టరమ్మా, దాన్నేమనకు. చేనుకు పిలిచింది నేను. నా బిడ్డను గడప దాటనియ్యలే, దీన్నేమో బురదల నిలబెట్టిన." వార్డులోని ఆడవాళ్లంతా ఇటే చూస్తున్నారు. అయినా భీమమ్మ గొంతు తగ్గించలేదు. "తప్పు నాదే."